వరంగల్‌లో 5 మీటర్ల ఫైబర్ మోటారు బోటు కడితే గిట్టుబాటు అయితదా?

నర్సంపేట_ఫైబర్
ములుగు రోడ్డు వైపు షెడ్డు తీసుకుని చిన్న మోటారు బోట్లు కట్టాలని ఆలోచన. లక్నవరం, రామప్ప, పాకాల, కరీంనగర్ మానేరు డ్యాం, ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్), ఈ నీళ్ల మీద తిప్పేవాళ్లే గిరాకీ. పొడవు 5 మీటర్లు, వెడల్పు 2, ఆరుగురు కూర్చునేది, వెనుక 40 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ ఇంజిన్. బాడీకి ఎంత సరుకు పడుతది, మోల్డ్ (అచ్చు) ఖర్చు ఎన్ని బోట్లకు తిరిగొస్తది, ఎంతకు అమ్మితే మిగులుతది? పని తెలిసినోళ్లు అంకెలతో రాయండి. ధరలు రోజుకో తీరుగ ఉంటయి కాబట్టి లెక్కకు ఒకటి అనుకుని రాస్తే చాలు.

కాజీపేట_రోలర్
సరుకు లెక్క చెప్త. ఈ సైజుకు అడుగు 7 చదరపు మీటర్లు, పక్కలు, వెనుక గోడ కలిపి ఇంకో 7, పైన డెక్కు 9 అనుకో.

అడుగుకు జెల్‌కోట్ (బయటికి కనిపించే నున్నటి పొర) మీద వరుసగ చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మ్యాట్ (గ్లాస్ పోగుల దుప్పటి), 450 మ్యాట్, 610 రోవింగ్ (గ్లాస్ పోగుల నేత గుడ్డ), 450 మ్యాట్, మళ్ల 610 రోవింగ్, 450 మ్యాట్. మందం 5 మిల్లీమీటర్లు దాటుతది. పక్కలకు చివరి రెండు పొరలు వద్దు, మూడున్నర మిల్లీమీటర్లు సరిపోతది. డెక్కుకు 300 ఒకటి, 450 రెండు.

చేతి పనిల మ్యాట్ తన బరువుకు 2.3 రెట్లు రెసిన్ (పోగులను పట్టి గట్టిపడే జిగురు) తాగుతది, రోవింగ్ ఒకటికి ఒకటి. ఆ లెక్కన అడుగుకు చదరపు మీటరుకు 5 కిలోల రెసిన్, పక్కలకు 3.4. బాడీకి 59 కిలోలు, డెక్కుకు 25, లోపలి నిలువు దుంగలు, వెనుక గోడ, అతుకులకు 15. మొత్తం 99, తరుగుతో 110. గ్లాస్ (మ్యాట్, రోవింగ్ కలిపి) తరుగుతో 57 కిలోలు. జెల్‌కోట్ 16 కిలోలు.

కిలోకు రెసిన్ 200 రూపాయలు, గ్లాస్ 130, జెల్‌కోట్ 320 చొప్పున వేస్తే 22,000, 7,400, 5,100. అంటే డెక్కుతో కలిపి బాడీ సరుకు 34,500. చానామంది ఇక్కడనే మోసపోతరు, ఇంత తక్కువల బోటు అయితదా అని సంబురపడి షెడ్డు పెడ్తరు. బోటు ధరల ఇది చిన్న ముక్క.

పద్దుపుస్తకం
రోలర్ గారి అంకె మీదే మిగతాది పేరుస్తాను, అన్నీ అంచనాలే. ప్లైవుడ్, దుంగలకు 10,000. వ్యాక్సు, బ్రష్షులు, రోలర్లు, అసిటోన్, హార్డనర్‌కు 6,000. కూలి 180 గంటలు, గంటకు 120 చొప్పున 21,600. బాడీ 72,000 అయింది. మునగకుండా నింపే ఫోమ్ 8,000, స్టీరింగ్, కేబుళ్లు, కంట్రోల్ బాక్సు 35,000, బ్యాటరీ, లైట్లు, నీళ్లు తోడే పంపు 12,000, స్టీలు రెయిలింగ్ 25,000, సీట్లు 15,000, టాపు 15,000. ఇంజిన్ లేకుండా 1,82,000. ఇంజిన్ 3,60,000 అనుకుంటే 5,42,000.

ఇందులో మూడింట రెండు వంతులు ఇంజినే. దాని మీద మీరు వేసుకోగలిగే లాభం తక్కువ, ఎందుకంటే కొనేవాడు డీలర్ ధర కనుక్కునే వస్తాడు. మీ సంపాదన మిగతా 1,82,000 మీద నుంచే రావాలి.

ఇక మోల్డ్. ప్యాటర్న్ (మోల్డ్ తీయడానికి చేసే నమూనా), బాడీ మోల్డ్, డెక్కు మోల్డ్ కలిపి 4,50,000 అనుకుందాం. పది బోట్ల మీద పంచితే బోటుకు 45,000. షెడ్డు అద్దె, కరెంటు, ఒక మేస్త్రీ జీతం నెలకు 65,000. నెలకో బోటు దిగితే ఖర్చు 6,52,000. పన్ను కాక 7,50,000కు అమ్మితే 98,000 మిగులుతాయి. రెండు నెలలకు ఒకటి దిగితే అద్దె, జీతాలు రెట్టింపై 33,000 మాత్రమే మిగులుతుంది. ఒక వారంటీ రిపేరు వస్తే అదీ పోతుంది. కాబట్టి సరుకు ధర కోసం బేరమాడటం కన్నా నెలకు ఎన్ని దిగుతాయన్నది ముందు తేల్చుకోండి.

షీటు_వెల్డు
ఉత్తర తెలంగాణ మొత్తం తిరిగినా ఈ సైజు బోటుకు ఏడాదికి ఎన్ని ఆర్డర్లు దొరుకుతయి? తక్కువ సంఖ్య అయితే మోల్డ్ ఎందుకు, అల్యూమినియం చూడండి. 5083 గ్రేడు, అడుగు 4 మిల్లీమీటర్లు, పక్కలు 3. అడుగు 74 కిలోలు, పక్కలు 56, ఫ్రేములు, నేల షీటు 60. మొత్తం 190, తరుగుతో 220. కిలో 400 అయితే 88,000. వెల్డింగు 140 గంటలు, గంటకు 250 చొప్పున 35,000. ఆర్గాన్, వైరు 12,000. మొత్తం 1,35,000.

ఫైబర్ బాడీ 72,000, అల్యూమినియం 1,35,000. తేడా 63,000. మోల్డ్ ఖర్చు 4,50,000ను 63,000తో భాగిస్తే ఏడు దాటుతది. అంటే ఏడు బోట్ల వరకు అల్యూమినియందే చేయి పైన, ఎనిమిదో దాని నుంచి ఫైబర్‌ది. పైగా గిరాకీ పొడవు మార్చమంటే షీటు ఇంకో తీరుగ కోస్తం. మోల్డ్‌ను సాగదీయలేవు కద అన్నా.

కాకపోతే గేట్లు, గ్రిల్లులు చేసే వెల్డర్‌కు ఈ పని ఇయ్యొద్దు. పల్చటి 5083 మీద వేడి ఎక్కువైతే అడుగు అలలు తేలుతది. జాయింటు దగ్గర ఆక్సైడ్ పొరను స్టీలు బ్రష్షుతో తీయకుండా అతికితే లోపల బుడగలు మిగిలి ఆరు నెలలకు చుక్కలు చుక్కలుగ కారుతది. ఇనుముకు వాడిన బ్రష్షు దీనికి ముట్టియ్యొద్దు.

కాజీపేట_రోలర్
లెక్క సరిగనే ఉన్నది. కానీ మన దిక్కు ఫైబర్ పనోళ్లు దొరుకుతరు, అల్యూమినియం టిగ్ వెల్డింగు మంచిగ కొట్టేటోళ్లు తక్కువ, గంటకు 250కి వస్తరన్నది చూడాలె. గణపతి విగ్రహాలు, తలుపులు చేసేటోళ్ల చేతిల జెల్‌కోట్ పని బాగుంటది. రోలర్ తోని గాలి తీసుడు, రెసిన్ తూకం వేసుడు వాళ్లకు అలవాటు చేయించాలె. విగ్రహంల గాలి బుడగ ఉంటే ఎవలకూ తెల్వది, బోటు అడుగుల ఉంటే మొదటి ఎండాకాలమే బయటపడ్తది.

తూకం ఎందుకంటే, డెక్కు, దుంగలు కాక ఉత్త బాడీకే గ్లాస్, రెసిన్, జెల్‌కోట్ కలిపి 100 కిలోల దగ్గర ఉండాలె. 130 తూగిందంటే ఒక్క బోటుకు 6,000 రూపాయల రెసిన్ నేలపాలు, పైగా ఆ 30 కిలోలు బోటు బతికినంత కాలం పెట్రోల్ తాగుతది. ప్రతి పొరకు బకెట్ తూకం వేసి గోడ మీద రాయించు.

నర్సంపేట_ఫైబర్
రెసిన్ ఏది? నీళ్ల ట్యాంకులకు వాడే మామూలు రకం కిలోకు 40 తక్కువకు ఇస్తమంటున్నరు.

కాజీపేట_రోలర్
వద్దు తమ్మీ. 110 కిలోలకు 4,400 మిగులుతది, అంతే. ఉప్పు నీళ్ల కంటే మంచి నీళ్లల్లనే ఫైబర్‌కు బొబ్బలు ఎక్కువ వస్తయి. సముద్రంల లేదు కద అని చెరువు బోటుకు చౌక రెసిన్ వేస్తే జెల్‌కోట్ కింద నీళ్లు దిగి, ఉబ్బి, పుల్లటి వాసన వచ్చే ద్రవం కారుతది. అప్పుడు అడుగంత గ్రైండింగు పట్టి, నెలల పాటు ఆరబెట్టి, మళ్ల కోటింగు వెయ్యాలె. ఐసోఫ్తాలిక్ రెసిన్ వాడు, జెల్‌కోట్ కూడ ఐసోదే. మొదటి 300 మ్యాట్ పౌడర్ బైండర్‌ది (పోగులను పట్టి ఉంచే అంటు పౌడర్ రకం) తీసుకో. ఎమల్షన్ బైండర్ మ్యాట్ చెమ్మను పట్టుకుంటది. డబ్బులుంటే ఆ ఒక్క పొరకు వినైల్ ఎస్టర్ రెసిన్ వెయ్యి, అంతకు మించి ఖర్చు అక్కర్లేదు.

ఇగ మన ఎండ. రెసిన్ గట్టిపడే టైము ప్రతి 10 డిగ్రీలకు సగం అయితదనుకో. 25 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఇచ్చేది మే నెలల 42 దగ్గర ఆరేడు నిమిషాలల్ల గడ్డ కడ్తది. అప్పుడు పనోళ్లు హార్డనర్ తగ్గిస్తరు. ఒక శాతం కంటే కిందికి పోతే పైకి గట్టిగ కనిపిస్తది గాని లోపల పచ్చిగనే ఉంటది. హార్డనర్ తగ్గించుడు కాదు, కోబాల్ట్ (రెసిన్‌ను తొందరగ గట్టిపరిచే మందు) తక్కువ కలిపిన ఎండాకాలం గ్రేడు అడుగు. పని తెల్లారుజామున మొదలువెట్టి తొమ్మిదింటికి ముగించు. రేకుల షెడ్డు కింద డ్రమ్ములు పెట్టకు, ఆరు నెలలు నిల్వ ఉండే సరుకు రెండు నెలలకే జిగురైతది. ఆగస్టుల తేమ 80 శాతం దాటిన రోజు లామినేషన్ (పొరలు వేసుడు) ఆపెయ్, మ్యాట్ చెమ్మ గుంజుకుంటే పొరలు విడిపోతయి.

ఇంకోటి, ఇది ప్రాణాల మీది ముచ్చట. హార్డనర్, కోబాల్ట్ రెండూ నేరుగ కలపొద్దు, పేలుతది. ముందు రెసిన్‌ల కోబాల్ట్ పూర్తిగ కలిసినంకనే హార్డనర్. రెండింటికి కొలత గ్లాసులు కూడ వేరు వేరు ఉండాలె.

జెల్‌కోట్ అర మిల్లీమీటరు దగ్గర ఉండాలె. 0.3 కంటే పల్చగ పడితే పైన వేసే రెసిన్‌లోని స్టైరీన్ దాన్ని కొరికి మొసలి తోలు లెక్క ముడతలు తెస్తది. మోల్డ్ నుంచి తీసే ముందు గట్టితనం కొలిచే బార్కోల్ మీటరు పెట్టి చూడు. పూర్తిగ పండిన ఐసో లామినేట్‌కు 40 రావాలె. తొందరపడి పచ్చిగ తీస్తే అడుగు చదును తప్పి గుంత పడ్తది, ఇగ ఆ బోటు నీళ్ల మీద ఎగిరెగిరి పడ్తది.

మానేరు_మెకానిక్
ఇంజిన్ సంగతి. ఖాళీ బోటు 250 కిలోలు, 40 హెచ్‌పీ ఫోర్‌స్ట్రోక్ సుమారు 100, పెట్రోల్, బ్యాటరీ 35, ఆరుగురు 75 చొప్పున 450. మొత్తం 835. ముక్కు లేపి నీళ్ల మీద జారాల్నంటే హెచ్‌పీకి 20 కిలోల దగ్గర ఉండాలె, అంటే 42. కాబట్టి 40 సరిగ్గ అంచు మీద ఉన్నది. రోలర్ అన్న చెప్పిన 30 కిలోలు ఎక్కితే, ఆరో మనిషి కొంచెం లావుంటే, వెనుక కూలబడి నీళ్లు తోసుకుంట పోతది, పెట్రోల్ మాత్రం ఫుల్లుగ తాగుతది.

తిప్పేటోని కోణంల చూడు. పది నిమిషాల స్పీడు రైడుకు ఫోర్‌స్ట్రోక్ రెండు లీటర్ల దాక తీసుకుంటది. లీటరు 108 అనుకుంటే 216. కార్బురేటర్ టూస్ట్రోక్ మూడు లీటర్లు, ఆయిలు కలిపి 340 దాక పోతది. రైడుకు 500 వసూలు చేస్తే టూస్ట్రోక్‌ల 160 మిగిలి, దాంట్లనే డ్రైవరు, టికెట్ మనిషి, చెరువు లీజు. కొనేటోడు నీ బోటు ధర కంటే ముందు ఈ లెక్క అడుగుతడు. టూస్ట్రోక్ చౌక అని పెట్టిస్తే రెండోసారి నీ దగ్గరికి రాడు.

అసలు స్పీడు రైడు అవసరమా అన్నది కూడ చూడాలె. 16 అడుగుల బోటు జారకుండ నీళ్లల్ల నడిచేటప్పుడు దాని హద్దు గంటకు 10 కిలోమీటర్లు. లక్నవరం దీవుల చుట్టూ తిప్పి చూపించే పనికి 9.9 హెచ్‌పీ చాలు. ఇంజిన్ ఖర్చు, పెట్రోల్ రెండూ బాగ తగ్గుతయి. అదే బాడీకి రెండు ఇంజిన్ల ఆప్షన్ పెట్టుకో.

షీటు_వెల్డు
ఆ నిదానం రైడుకైతే బ్యాటరీ మోటారే మేలు కద? గంటకు 7 కిలోమీటర్లకు రెండు కిలోవాట్లు చాలు. 10 యూనిట్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉంటే నాలుగు గంటల పైన తిరుగుతది, చార్జింగుకు వంద రూపాయల కరెంటు. కరీంనగర్‌కు తాగునీళ్లు మానేరు డ్యాం నుంచే. ధర్మసాగర్, వడ్డేపల్లి నీళ్లు వరంగల్ తాగుతది. అసుంటి చోట పొగ, నూనె తేలే ఇంజిన్‌కు పర్మిషన్ ఎప్పుడు గట్టిపడ్తదో చెప్పలేం. పాకాల అయితే అభయారణ్యం, అటవీ శాఖ మాట వినాల్సిందే.

మానేరు_మెకానిక్
నిజమే. బ్యాటరీ పెట్టెను నేల మధ్యల కట్టు, వెనుక కుప్పెయ్యకు. ఆదివారం పొద్దుగాల తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాక ఆగకుండ రైడులుంటే ఒక్క బ్యాటరీతోని నడవది, మధ్యాహ్నం చార్జింగు కోసం బోటు ఆపాలె. అదే గిరాకీ ఉండే టైము. మార్చుకునే రెండో బ్యాటరీ ధర కలిపి లెక్క వెయ్యాలె.

సర్వే_నక్షా
కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. 1917 నాటి పాత చట్టం పోయి 2021 ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. చెరువు కూడా ఇందులో లోతట్టు జలాల కిందికే వస్తుంది. ఇంజిన్ ఉన్న పడవకు సర్వే (అధికారుల తనిఖీ), రిజిస్ట్రేషన్, బీమా ఉండాలి. కట్టిన తర్వాత నక్షా గీయించడం కుదరదు, కట్టకముందే డిజైన్‌కు ఆమోదం తీసుకోవాలి. నేవల్ ఆర్కిటెక్ట్ ఫీజు లక్ష, లక్షన్నర అనుకోండి, మోల్డ్ ఖర్చులో కలిపి అన్ని బోట్ల మీద పంచండి. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట విహార బోటు మునిగిన తర్వాత టెండరు పిలిచే ఏ శాఖా కాగితం లేని బోటు ముట్టదు.

6 మీటర్ల లోపు బోటుకు స్థిరత్వం లెక్క అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 12217 మూడో భాగంలో ఉంది. మనుషులందరూ ఒక పక్కకు జరిగితే ఎంత వాలుతుందో, నీళ్లు నిండినా తేలుతుందో లేదో తేల్చాలి. రెయిలింగ్ మీద సెల్ఫీకి ఆరుగురూ ఒకే వైపు చేరడం మన దగ్గర మామూలే, కాబట్టి దాన్ని కాగితం మీద లెక్కతో సరిపెట్టకుండా ఇసుక బస్తాలతో నీళ్ల మీద చేసి చూడండి.

ఫోమ్ ఎంతంటే, ఫైబర్ నీటిలో తన బరువులో మూడో వంతే తూగుతుంది. 200 కిలోల ఫైబర్‌కు 66, ఇంజిన్‌కు 70, బ్యాటరీకి 10. పట్టుకుని వేలాడే మనుషులకు వాళ్ల బరువులో పావు, 112. మొత్తం 260 కిలోల తేలింపు కావాలి. లీటరు ఫోమ్ దాదాపు 0.96 కిలోలు మోస్తుంది, అంటే 270 లీటర్లు. దాని బరువు 10 కిలోల చిల్లర మాత్రమే. థర్మోకోల్ ముక్కలు వేసి మూయకండి. పెట్రోల్ తగిలినా, పచ్చి రెసిన్ తగిలినా కరిగిపోతుంది. మూసిన కణాల పాలీయురెథేన్ ఫోమే వాడాలి. ఇంజిన్ వెనుక ఉంటుంది కాబట్టి ఫోమ్ ఎక్కువ భాగం వెనుక, పక్కల పైభాగంలో ఉండాలి. అంతా నేల కింద పోస్తే నీళ్లు నిండిన బోటు తిరగబడి తేలుతుంది.

పద్దుపుస్తకం
పన్ను చెప్పకపోతే లెక్క పూర్తి కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి పన్ను పట్టీలో 8903 నంబరు కింద వచ్చే సరదా, క్రీడా పడవలకు జీఎస్టీ 40 శాతం. ప్రయాణికులను తిప్పే విహార పడవలు, ఫెర్రీలు 8901 కింద వస్తే 5 శాతం. 7,50,000 మీద ఒకటి 3,00,000, ఇంకొకటి 37,500. పేరు మార్చి రాసుకుంటే సరిపోదు. సీట్లు, రెయిలింగ్, ప్రయాణికుల సంఖ్యతో కూడిన సర్వే సర్టిఫికెట్, కొనేవాడి ఒప్పందం, ఇవన్నీ ఒకే మాట చెప్పాలి. స్కీయింగ్‌కు లాగే కొక్కెం పెట్టిన స్పీడుబోటును 8901 అంటే నోటీసు వస్తుంది. అనుమానం ఉంటే అమ్మకముందే అడ్వాన్స్ రూలింగ్‌కు (పన్ను శాఖ ముందస్తు తీర్పుకు) వెళ్లండి.

5 శాతంతో అమ్మితే ఇంకో చిక్కు. రెసిన్, గ్లాస్ మీద 18 శాతం కట్టి కొంటారు, క్రెడిట్ (కొనేటప్పుడు కట్టి తిరిగి రావాల్సిన పన్ను) పేరుకుపోతుంది. విలోమ పన్ను (సరుకు మీద ఎక్కువ, అమ్మకం మీద తక్కువ పన్ను) కింద జీఎస్టీ చట్టం సెక్షన్ 54(3) రీఫండ్ అడగొచ్చు, కానీ యంత్రాల మీద, అద్దె, డిజైన్ ఫీజు లాంటి సేవల మీద కట్టిన పన్ను ఆ ఫార్ములాలోకి రాదు. వచ్చే రీఫండ్ కూడా నెలలు పడుతుంది, ఆ డబ్బుకు వడ్డీ మీదే. కొనేవాడు ప్రయాణికులను తిప్పే వ్యాపారి అయితే తాను కట్టిన పన్నుకు క్రెడిట్ తీసుకోగలడు. ఫాంహౌస్ కోసం కొనే ఆసామికి అది లేదు. అందుకే సొంత విహారానికి కొనేవాళ్లను నమ్ముకుని షెడ్డు పెట్టకండి.

పెట్టుబడికి పీఎంఈజీపీ (కేంద్రం సబ్సిడీ రుణ పథకం)లో తయారీ యూనిట్‌కు 50 లక్షల ప్రాజెక్టు వరకు చూస్తారు. సబ్సిడీ జనరల్ వర్గానికి పట్టణంలో 15, గ్రామంలో 25 శాతం, ప్రత్యేక వర్గాలకు 25, 35. షెడ్డు కార్పొరేషన్ హద్దు లోపలా బయటా అన్నది ఇక్కడ డబ్బు తేడా తెస్తుంది. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ కూడా చేయించండి. కొనేవాడు డబ్బు ఇవ్వడం 45 రోజులు దాటిస్తే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ అడిగే హక్కు వస్తుంది. ప్రభుత్వ సంస్థల మీద ఆ హక్కు వాడేవాళ్లు అరుదు, తర్వాతి టెండరు కావాలి కదా.

నర్సంపేట_ఫైబర్
అంటే ఏడాదికి 12 బోట్లు దిగకపోతే కష్టమే. అన్ని ఆర్డర్లు ఇక్కడ దొరకయి. మిగతా నెలల్ల షెడ్డు ఎట్ల నడపాలె?

కాజీపేట_రోలర్
చేపలోళ్ల తెప్పలు చెయ్యి. మత్స్యకార సహకార సంఘాలు ప్రతి మండలంల ఉన్నయి. మూడు, మూడున్నర మీటర్ల తెప్పకు డెక్కు లేదు, ఇంజిన్ లేదు, మోల్డ్ చిన్నది. పనోళ్ల చేయి కూడ దాని మీదనే తిరుగుతది.

పద్దుపుస్తకం
చేపల పడవ 8902, 5 శాతమే. పీఎంఎంఎస్‌వై (కేంద్రం మత్స్య పథకం)లో లబ్ధిదారుకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సాయం ఉంటుంది. ఆ ఆర్డర్లు విడతలుగా, ఒక్కసారిగా వస్తాయి, బిల్లు ఆలస్యం అవుతుంది. సరుకు నిల్వ కోసం బ్యాంకులో అప్పు పరిమితి ముందే పెట్టించుకోండి.

మానేరు_మెకానిక్
రిపేరు పని మర్చిపోకున్రి. నడుస్తున్న పాత బోట్లల్ల వెనుక గోడ కుళ్లుడు మామూలు. ఇంజిన్ బోల్టు రంధ్రాలకు సీలెంట్ పెట్టక నీళ్లు ప్లైవుడ్‌లకు దిగుతయి. సుత్తెతోని కొడితే మొద్దు సప్పుడు వస్తది. లోపలి చెక్క తీసి కొత్తది పెట్టి మూసుడు నాలుగైదు రోజుల పని, సరుకు తక్కువ, కూలి ఎక్కువ, గిట్టుబాటు మంచిగుంటది. ఎండాకాలంల పొలాలకు నీళ్లు వదిలి చెరువు తగ్గినప్పుడు బండలు, మొద్దులు తేలి ఇంజిన్ కింది రెక్క, ప్రొపెల్లర్ విరుగుతయి. ఒండ్రు మింగి కూలింగు పంపు ఇంపెల్లర్ అరుగుతది, దాన్ని ఏటా మార్చాలె. గుర్రపు డెక్క, తెగిన వలలు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే షాఫ్టు సీలు కోసి గేర్ ఆయిల్‌ల నీళ్లు కలుస్తయి. ఆయిల్ పాల రంగుకు తిరిగిందంటే ఆ రోజే ఆపాలె. బోటు అమ్మేటప్పుడే ఏడాది సర్వీసు ఒప్పందం రాయించుకో.

చెరువు మూతపడే గండం కూడ ఉంటది. భద్రకాళి చెరువును 2024 నవంబరుల పూడిక తీసుటానికి ఖాళీ చేసిన్రు కద. ఒకే చెరువును నమ్ముకున్న ఆపరేటర్‌కు ఉద్దెర ఇయ్యకు.

నర్సంపేట_ఫైబర్
సరే. ముందుగాల తెప్ప మోల్డ్, రిపేర్లు. మొదటి రెండు మోటారు బోట్లు అల్యూమినియంల బయట చేయించి ఆర్డర్లు చూసుకుని, ఆ తర్వాత 5 మీటర్ల మోల్డ్. డిజైన్ ఫీజు ఇప్పుడే పెట్టాల్నా?

సర్వే_నక్షా
పెట్టండి, కానీ లోహానికి, ఫైబర్‌కు గీతలు ఒకటి కావు. షీటు ఒక దిక్కే వంగుతుంది కాబట్టి అల్యూమినియం అడుగు అలా గీయాలి. ఆ ఆకారాన్ని తర్వాత ఫైబర్‌లో చేసుకోవచ్చు, ఫైబర్ కోసం గీసిన గుండ్రటి ఆకారాన్ని షీటులో చేయలేరు. మొదటి నక్షా షీటుకు సరిపోయేలా గీయించి, రెండింటి మందాలూ అందులోనే లెక్క కట్టమనండి. ఒకే ఫీజులో అయిపోతుంది. వెడల్పు 2 మీటర్లు దాటనీయకండి, డీసీఎంలో పడుతుంది.

మానేరు_మెకానిక్
వెనుక గోడ ఎత్తు కూడ ఇప్పుడే ఖాయం చేయించు. ఈ సైజు ఔట్‌బోర్డ్ షాఫ్టు ఎక్కువగ 15 అంగుళాలు, 20 అంగుళాలు అని రెండు తీర్లు వస్తది. చెరువు అలకు వెనుక నుంచి నీళ్లు ఎక్కకుండ 20 తీసుకో. గోడ మందం 40 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే బిగింపు సరిగ పట్టుకుంటది. ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డ ప్లేటు బోటు అడుగుకు సమానంగ, లేదా ఒక అంగుళం పైకి ఉండాలె. ఇంకా పైకి పోతే మలుపుల గాలి గుంజి ఇంజిన్ ఉత్తగ మొత్తుకుంటది, కిందికి పోతే నీళ్లు చిమ్మి స్పీడు పడిపోతది. 12 మిల్లీమీటర్ల 316 స్టీలు బోల్టులు నాలుగు, ప్రతి రంధ్రంల సీలెంట్.